మొక్కుకున్న చేతులు

సూర్యాపేటలో ఒక డాక్టరుగారి దవాఖానలో మా ఆయన ఎక్స్‌రే పని చేసేవాడు. మిషను సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఆయనకు ఒకటే పద్ధతి తెలుసు. మొదటి రోగిని పిలవకముందు చీకటి గది తలుపు వేసుకుని, మీట నొక్కి, తన ఎడమ చేతిని కిరణాలు వచ్చే గొట్టానికీ తెరకూ మధ్య పెట్టేవాడు. తెర మీద పచ్చటి వెలుగులో మణికట్టు దగ్గరి చిన్న ఎముకలు దేనికది విడిగా కనిపిస్తే కరెంటు బాగున్నట్టు. అన్నీ కలిసి మసకగా ముద్దలా కనిపిస్తే రైస్‌మిల్లులు నడుస్తున్నట్టు. అప్పుడు మీట కొంచెం తిప్పి మళ్ళీ చేయి పెట్టేవాడు. మధ్యాహ్నం మిల్లుల జోరుకు కరెంటు ఎగుడుదిగుడుగా వస్తుంటే ప్రతి రోగికీ ముందు ఒకసారి చేయి పెట్టి చూసుకోవలసి వచ్చేది. ఎడమ చేయి మీటల మీద ఉంటే కుడి చేయి పెట్టేవాడు. ఆ పని నేర్పిన పెద్దమనిషి అట్లాగే చేసేవాడట. ఈయనా అట్లాగే నేర్చుకున్నాడు.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన మరుసటి ఎండాకాలం మా పెళ్ళి. మా నాయన పెన్‌పహాడ్ చుట్టుపక్కల పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పేవాడు. పొద్దున ఒక అధ్యాయం చూడకుండా అప్పజెప్పితేనే మాకు జొన్న గటక పెట్టేవాళ్ళు. ఆకలి మీద నేర్చుకున్నది మరిచిపోవడం కష్టం. పెళ్ళినాటికి లేఖనంలో ఏ మాట ఎక్కడుందో అడిగితే తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆ జ్ఞాపకశక్తిని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నేనూ లోలోపల మెచ్చుకునేదాన్ని.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక మా ఆయన నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. చీకట్లో నా చేయి పట్టి తెర వెనుక పెట్టాడు. నా వేళ్ళ ఎముకలు నాకే కనిపించాయి. వేళ్ళు ఆడిస్తే అవీ ఆడాయి. దేవుడు లోపల ఇంత పొందికగా అమర్చాడా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బయపడ్తున్నవా?" అన్నాడు.

"బయమెందుకు. స్తోత్రం చెప్పుకుంటున్న."

"జల్దీ చెప్పుకో. గొట్టం వేడెక్కుతది."

గొట్టం వేడెక్కుతుందని ఆయనకు దిగులు. చేతికి ఏ వేడీ తగలదు. నొప్పి లేదు, చురుకు లేదు. గాలిలో పెట్టినట్టే ఉంటుంది.

డాక్టరుగారు మంచివాడు. మంగళవారాలు కోదాడలో, శుక్రవారాలు మిర్యాలగూడలో కూడా రోగులను చూసేవాడు. చిన్న మిషను ఒకటి జీపులో వేసుకుని పోయేవాళ్ళు. దగ్గుతో వచ్చే మిల్లు హమాలీలు, కాలువ పనికి వచ్చి రక్తం కక్కుకున్నవాళ్ళు, తండాల నుంచి చెయ్యి విరిగిన పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు. అందరికీ ఫిల్ము తీయడం ఖర్చు. అందుకని చాలామందిని తెర మీదే చూసేవాళ్ళు. చీకటికి కళ్ళు అలవాటు పడాలని డాక్టరుగారూ మా ఆయనా ముందుగానే ఎర్ర అద్దాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. కోదాడలో ఒక ముసలాయన ఆ అద్దాలు చూసి, "ఏందయ్యా, మీకే సూపు సరిగ లేనట్టుంది, మాకేం సూస్తరు?" అన్నాడట. మా ఆయన, "సీకట్ల సూడాలంటే ఎలుగుల గుడ్డోన్ని కావాలె తాతా" అన్నాడట. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వాడు.

సీసం వేసిన ఏప్రన్ ఒకటి ఉండేది. తెర ముందు కూర్చునేది డాక్టరుగారు కాబట్టి ఆయన కట్టుకునేవాడు. సీసపు గ్లౌజులు కూడా ఒక జత ఉండేవి. వాటిని మా ఆయన నాకు చూపించాడు. ఎండిన తోలులా బిర్రుగా, ఎత్తితే బరువుగా ఉన్నాయి. డాక్టరుగారు ఒకటి రెండుసార్లు, "అవి తొడుక్కోవయ్యా" అన్నాడు. తొడుక్కున్నాడు కూడా. "అవి ఏసుకొని పోరని చెయ్యి పట్టుకుంటే సొరకాయ పట్టుకున్నట్టుంటది. వాడు గుంజుకొని ఉరుకుతడు" అని తీసేశాడు. ఏడ్చే పిల్లవాడి విరిగిన చెయ్యి కదలకుండా, తెర మీద ఎముక కనిపిస్తుండగా డాక్టరుగారు సరిచేసేదాకా, వట్టి చేతులతో పట్టుకునేవాడు. పిల్లలు ఆయన దగ్గర ఇట్టే నెమ్మదించేవాళ్ళు.

ఆయన చేతుల్లో మార్పు మొదట ఎప్పుడు చూశానో సరిగా చెప్పలేను. వేళ్ళ వెనుక వెంట్రుకలు పోయాయి. చర్మం పొడిబారి, ఎప్పుడూ సబ్బు నురగ ఆరినట్టు మెరిసేది. గోళ్ళ మీద నిలువునా గీతలు పడి, ఆ గీతల వెంట చీలేవి. ఫిల్ములు కడిగే మందునీళ్ళ వల్ల అనుకున్నాము. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. ఆరేడేళ్ళు అట్లా గడిచాయి. వేలి కొసలు ఎంత నున్నగా అయ్యాయంటే లేఖనం పలుచటి పేజీలు ఆయన వేళ్ళకు అంటేవి కావు. రెండు మూడు కలిసి తిరిగేవి. ఇంటి ప్రార్థనలో ఆయన చదువుతుంటే నేను పక్కన కూర్చుని పేజీ తిప్పేదాన్ని. అది నాకు సంతోషంగా ఉండేది. ఎందుకు తిప్పవలసి వస్తోందని ఆలోచించలేదు.

తరువాత మచ్చలు వచ్చాయి. నల్లవి కొన్ని. వాటి నడుమ తెల్లగా, పాలిపోయి, పలచబడినవి కొన్ని. అక్కడక్కడ సజ్జగింజలంత గట్టి పొక్కులు.

తెల్లమచ్చ చూసిన రోజు నేను చేసిన పనికి ఎవరి ప్రోద్బలమూ లేదు. కుష్ఠు అవునో కాదో తేల్చడానికి యాజకుడు చర్మం మీది మచ్చను ఎట్లా పరీక్షించాలో చెప్పే అధ్యాయం నాకు కంఠస్థం. మచ్చ లోతుగా ఉందా, అందులో వెంట్రుక తెల్లబడిందా చూడాలి. ఆయన అన్నం తింటుంటే ఎడమ చేయి పట్టుకుని కిటికీ వెలుగుకు తిప్పి చూశాను. అసలు వెంట్రుకే లేదు. వెంట్రుక లేకపోతే ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

"ఏం సూస్తున్నవే, జాతకమా?" అన్నాడు.

"ఏం లేదు. తిను."

మధ్యాహ్నం అయ్యగారి దగ్గరికి పోయాను. మా సంఘం పాదిరిగారిని అయ్యగారు అనేవాళ్ళం. కృష్ణ అవతల నుంచి వచ్చినవాడు, మెత్తగా మాట్లాడేవాడు. నేను చెప్పింది అంతా విన్నాడు.

"ఎవరికైనా చెప్పారా అమ్మా?"

"లేదయ్యగారూ."

"ఆయన సంఘపెద్ద. ప్రతి నెలా ప్రభువు బల్లలో అందరికీ పంచే రొట్టె పళ్ళెం పట్టుకునేది ఆ చేతులే. అదేమిటో తేలేదాకా పట్టుకోకుండా ఉంటే మంచిది. ఆయన్ని నొప్పించకుండా నేనే చెబుతాను."

ఎవరికీ చెప్పకపోయినా, రొట్టె పళ్ళెం వేరే చేతిలో కనబడగానే అందరికీ తెలిసిపోయింది. సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది, ఏ మాటనైనా నోట్లో దాచుకునేది కాదు. మా ప్రార్థన గుడి మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"ఏంది బిడ్డా, మీ ఆయన చెయ్యి గట్ల పాలిపోయిందంట?"

"మందునీళ్ళ వల్ల పెద్దమ్మా."

"గా మందునీళ్ళు డాక్టరుకు ఎందుకు అంటలే మరి? నేనేమనటం లేదమ్మా. జర దూరం కూసోమను, పిల్లలుగల్లోల్లం."

పెద్దలు కూర్చుని లేఖనం ప్రకారమే పోదామన్నారు. ఏడు రోజులు ఆయన విడిగా ఉండాలి. ఏడో రోజు అయ్యగారు చూడాలి. మచ్చ మారకపోతే ఇంకో ఏడు రోజులు. మా ఆయన ఒప్పుకున్నాడు. రెండు ఆదివారాలు తలుపు దగ్గర చివరి చాప మీద ఒక్కడే కూర్చుని పాటలు పాడాడు. మంచి గొంతు. వెనుక నుంచి ఆ గొంతు వస్తుంటే నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. వారం దినాల్లో మాత్రం ఎప్పటిలాగే పనికి పోయి, చీకటి గదిలో తెర ముందు చేయి పెట్టి మిషను చూసుకునేవాడు. మేము ఆయన్ని దూరం పెట్టింది రొట్టె నుంచి.

పద్నాలుగో రోజున మచ్చ అట్లాగే ఉంది. కుష్ఠు దవాఖానలో చూపించుకుని రమ్మని అయ్యగారు చెప్పాడు.

పోయే ముందు రోజు గుడిలో ఎవరూ లేనప్పుడు మోకరించాను. ఆ రోగం కాకూడదు. నేను అడిగింది అంతే. ఇంకేదైనా ఇవ్వు, అది మాత్రం వద్దు అన్నాను. అడిగి ఊరుకోలేదు, మొక్కుకున్నాను. మా సంఘం నడిపే బోర్డింగులో పిల్లలు ఉండి చదువుకునేవాళ్ళు. ఆ ఏడాది అందులో ఒక పిల్ల క్షయతో చనిపోయింది. ఆ చేతులు శుద్ధమైనవని తేలితే, నెలకు రెండు శనివారాలు ఆ పిల్లలందరి ఛాతీలూ ఎక్స్‌రేలో ఉచితంగా పరీక్ష చేయడానికి ఆ చేతులను నీకే అప్పగిస్తానని దేవునికి మాటిచ్చాను. వస్తూ వస్తూ దారిలో అయ్యగారికి చెప్పాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

కుష్ఠు దవాఖానకు రెండు బస్సులు మారి పోయాము. అక్కడ తల నెరిసిన డాక్టరమ్మ ఉంది. ఆయన కళ్ళు మూసుకోమని, దూదితో చేతుల మీద తాకుతూ, తాకిన చోట వేలు పెట్టి చూపమంది. ప్రతిసారీ సరిగా చూపాడు. గుండుసూదితో పొడిచింది. "అబ్బా" అన్నాడు. ఆ "అబ్బా" వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. మోచేతి దగ్గర నరం నొక్కి చూసింది. చెవి తమ్మెలో చిన్న గాటు పెట్టి గాజుపలక మీద రాసి లోపలికి పంపింది. మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చోబెట్టి పిలిచింది.

"ఇది మా జబ్బు కాదు నాయనా. ఏం పని చేస్తావు?"

ఆయన చెప్పాడు. డాక్టరమ్మ రెండు చేతులూ తీసుకుని కిటికీ దగ్గరికి నడిపించుకుపోయి చాలాసేపు చూసింది.

"ఆ గదిలోకి ఇక పోవద్దు. వేరే పని చూసుకో. ఇది పూతలతో తగ్గేది కాదు. ఆ కిరణాలు లోపల చేసిన దెబ్బ ఇది, ఇప్పుడు బయటికి వస్తోంది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. కానీ నాలో మొదటి మాటే మోగుతోంది. మా జబ్బు కాదు. మా జబ్బు కాదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"డాక్టరమ్మ పని ఇడ్సిపెట్టమన్నది" అన్నాడు.

"నేను మొక్కుకున్న" అన్నాను.

"ఏమని?"

చెప్పాను. ఆయన నా వైపు చూశాడు.

"నన్నొక మాట అడగొద్దానే?"

"దేవునికి చెప్పుకునేదానికి నిన్నేం అడగాలె?"

"చేతులు నాయి గదా" అని నవ్వాడు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. భార్య మొక్కుకున్న మొక్కు భర్త చెవిన పడిన రోజే అతను కాదంటే అది నిలవదని, ఆ స్త్రీని దేవుడు క్షమిస్తాడని లేఖనంలో ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. మా నాయనకు అప్పజెప్పి గటక తిన్న అధ్యాయమే. బస్సులో ఆయన నవ్వినప్పుడు ఆ మాట నా నాలుక మీద ఉంది. ఈ రోజు నువ్వు వద్దంటే చాలు, మొక్కు కొట్టుకుపోతుంది, నాకు పాపం లేదు అని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే వద్దంటాడేమో. వద్దంటే దేవుడు ఇచ్చిన శుద్ధి వెనక్కి తీసుకుంటాడేమో. ఆ భయంతో బయటికి చూస్తూ కూర్చున్నాను.

చాలా దూరం పోయాక ఆయనే అన్నాడు. "ఇచ్చిన మాట ఇచ్చినవ్. ఇగ చేద్దాం తీయ్."

ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టారు. వేటపోతును కోశారు. రొట్టె పళ్ళెం మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. మొదట వచ్చి రొట్టె తీసుకున్నది పెద్దమ్మే. ఆయన వేళ్ళు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నేను ముందే అన్న, ఈ పిల్లగానికి గా రోగమెందుకొస్తదని" అని అందరికీ వినబడేట్టు చెప్పింది. నవ్వులు. ఆ రోజు నా అంత సంతోషంగా సూర్యాపేటలో ఎవరూ ఉండి ఉండరు.

మా ఆయన రోజూ పనికి పోతూనే ఉన్నాడు. డాక్టరుగారు మిషను ఊరికే వాడుకోమన్నాడు. ఫిల్ములకు ఖర్చవుతుంది కాబట్టి తెర మీదే చూడాలి. నెలకు రెండు శనివారాలు బోర్డింగు పిల్లలు చొక్కాలు విప్పి చేత పట్టుకుని వరుసగా నిలబడేవాళ్ళు. కోదాడ, మిర్యాలగూడ సంఘాల పిల్లలు కూడా రావడం మొదలైంది. డాక్టరుగారు తెర ముందు కూర్చుంటే, మా ఆయన ఒక్కొక్క పిల్లను భుజాలు పట్టి అటూ ఇటూ తిప్పేవాడు. చిన్నపిల్లలకు ముందు తన చెయ్యి పెట్టి చూపించి భయం పోగొట్టేవాడు. "బొక్కల మామా, ఇంకోపారి! ఇంకోపారి!" అని అరిచేవాళ్ళు. ఎముకలు చూపే మామ కాబట్టి ఆ పేరు. ఆయన మళ్ళీ పెట్టేవాడు.

ఆ శనివారాల్లో కొందరు పిల్లల ఊపిరితిత్తుల్లో మచ్చలు బయటపడ్డాయి. సూదులు వేయించారు. వాళ్ళు బతికారు. ఒకామె ఇప్పుడు నర్సు. ఇది రాయకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. రాస్తే మాత్రం నా మనసుకు ఏ తేలికా రావడం లేదు.

మూడేళ్ళకు పైగా అట్లా నడిచింది. ప్రత్యేక తెలంగాణ గొడవలకు బస్సులు ఆగిపోయినప్పుడు కూడా బోర్డింగు పిల్లలు నడిచి వచ్చారు. ఆ తరువాతి ఎండాకాలం కుడి చూపుడువేలి మీద పొక్కు ఒకటి పగిలింది. పుండు పడింది. మానలేదు. కట్టు మారుస్తుంటే అంచులు గట్టిగా, ఎత్తుగా తగిలేవి. నొప్పి ఎంతటిదంటే చేయి దించితే ఓర్చుకోలేక తల మీద పెట్టుకుని కూర్చునేవాడు. అట్లాగే కూర్చుని బోర్డింగు పిల్లలు వచ్చే శనివారం ఎప్పుడని నన్ను అడిగేవాడు.

డాక్టరుగారు ఒకరోజు కట్టు విప్పించి చూశాడు. మొహం తెల్లబడిపోయింది. "నేను చూడనేలేదు. పదేళ్ళు పక్కన కూర్చున్నాను, చూడనేలేదు" అన్నాడు. ఆ సాయంత్రమే తన కారులో మమ్మల్ని హైదరాబాదు తీసుకుపోయాడు.

పెద్ద దవాఖానలో పుండు ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరు. అక్కడి పెద్ద డాక్టరు ఓపిక ఉన్న మనిషి. నేను అడిగినదానికల్లా జవాబు చెప్పాడు.

"గా కిరణం నిప్పులెక్క పైన కాల్చదమ్మా. లోపలికి పోతది. మన ఒళ్ళంత చిన్న చిన్న కణాలు. పాతవి పోతుంటయ్, కొత్తవి పుడుతుంటయ్. ఎట్ల పుట్టాలె, ఎప్పుడు ఆగాలె అనే రాత వాటి కడుపులనే ఉంటది. కిరణం పోయి దాన్ని తెంపుతది. కొన్ని అక్కడనే సచ్చిపోతయ్. గందుకే చర్మం పలచబడ్డది, వెంట్రుక పోయింది, గోరు చీలింది. కొన్ని సావవు. తెగిన దానితోనే బతికి పిల్లలు పెడ్తయ్. ఆగుడు తెల్వకుంట పెడ్తనే ఉంటయ్. ఈ పుండు గదే."

"చేతులకే ఎందుకు వచ్చింది సారూ?"

"చెయ్యే గదా మస్తు తిన్నది. ఎండిన కట్టెను కొడితే ఏం కాదు, మొలకను కొడితే సస్తది. ఒంట్ల ఎక్కడ కొత్తవి జల్దీ పుడుతయో గాడ ముందు దెబ్బ. చర్మం, పేగుల లోపలి పొర, ఎముకల రక్తం పుట్టే జాగ. కంట్ల పొర గూడ మసకబడ్తది. రక్తం పరీక్ష చేసినం, తెల్ల కణాలు తక్కువున్నయ్. కొంచెం కొంచెం అని ఆయన అనుకున్నడు. ఒళ్ళు ఆ కొంచెం కొంచెం అంతా మాఫ్ చేయదు."

అప్పుడు నేను అడగవలసింది అడిగాను. మూడేళ్ళ కింద ఒక డాక్టరమ్మ ఆపమంది, అప్పుడే ఆపితే ఈ చేయి దక్కేదా అని.

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"గప్పటికే చాన తిన్నదమ్మా. దాని మీద ఇంకింత తిన్నది. ఏ రోజుది ఈ పుండు పెట్టిందో దేవునికి తెల్వాలె. నేను చెప్పలేను."

అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అవునంటే నేను పడి ఏడ్చేదాన్ని. కాదంటే స్తోత్రం చెప్పేదాన్ని. రెండూ లేక బయటికి వచ్చాను.

ముందు రెండు వేళ్ళు తీశారు. ఆరు నెలలకు మణికట్టు పైదాకా తీశారు. ఎడమ చేతి మీది పొక్కులు కూడా గీకి తొడ చర్మం తెచ్చి అతికారు. సంఘం ఉపవాసం ఉంది. అయ్యగారు మూడుసార్లు హైదరాబాదు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని ఏమీ ప్రార్థించకుండా ఊరికే ఆయన కాలు మీద చేయి వేసి ఉంచాడు. పోతూ నాతో, "ఆ పద్నాలుగు రోజులు ఆయన్ని గుడికి కాక ఆ గదికి దూరంగా ఉంచి ఉంటే బాగుండేదమ్మా. మా బుద్ధికి తోచలేదు" అన్నాడు. మొక్కు సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తరువాత కుడి చంకలో గడ్డ తేలింది. దానికి మందు మళ్ళీ కిరణాలేనన్నారు. కోబాల్టు మిషను. కొలత ప్రకారం, సరిగా గడ్డ ఉన్నచోటికే పెడితే, దారి తప్పిన కణాలు చస్తాయని చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు. ఆయన పోయింది ఆ తరువాతి వానాకాలంలో, సూర్యాపేటలో, మా ఇంట్లోనే. దాని గురించి ఎక్కువ రాయలేను. మొదటిసారి కోబాల్టు పెట్టిన పొద్దున మాత్రం రాయాలి.

గది బయట బల్ల మీద కూర్చున్నాము. గోడలు మా గుడి గోడలకంటే మందంగా ఉన్నాయి. తలుపు సీసం పోసిన తలుపు. మిషను నడిపే అతను వచ్చి, చంక చుట్టూ ఊదారంగు సిరాతో గీతలు గీశాడు. మా ఆయన తోటి పనివాడిని చూసినట్టు అతన్ని చూస్తున్నాడు.

"ఎంతసేపు పెడ్తరు తమ్మీ?"

"రెండు నిమిషాలు అన్నా."

"గప్పుడు నువ్వెక్కడుంటవ్?"

"బయటనే. తలుపు పెట్టుకొని అద్దంలకెళ్ళి సూస్త. లోపల పేషంటు తప్ప ఎవ్వరుండొద్దు. రూలు."

"కదిలితే ఎవరు పట్టుకుంటరు?"

"ఎవ్వరు పట్టుకోరన్నా. ఇసుక సంచులు పెడ్తం."

"మంచిది" అన్నాడు మా ఆయన. "మంచి రూలు."

అతను లోపల ఏదో సర్దుకోవడానికి పోయాడు. మేమిద్దరమే ఉన్నాము. ఇన్నేళ్ళూ చెప్పనిది అప్పుడు చెప్పాను. బస్సులో ఆ రోజు ఆయన కాదంటే మొక్కు నిలిచేది కాదని, లేఖనం ఆ అధికారం ఆయనకిచ్చిందని, అది నాకు తెలుసని, తెలిసే ఊరుకున్నానని. ఎక్కడుందో అధ్యాయం కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. క్షమించానంటాడని అనుకున్నానేమో. తెలిసినా వద్దనేవాణ్ణి కాదులే అంటాడని ఆశపడ్డానేమో. ఆ మాట అంటే చాలు, నేను బతికిపోయేదాన్ని.

ఆయన ఎడమ చేతితో కుడి చేతి మొండి కట్టు సర్దుకున్నాడు. కోపం లేదు. ఎన్నడూ అబద్ధమాడిన మనిషి కాడు, నా కోసం కూడా ఆడలేదు.

"చెప్తే వద్దంటుంటి" అన్నాడు. "డాక్టరమ్మ చెప్పినప్పుడే నాకు బయమైంది. నువ్వు మొక్కినవని చేసిన."

మిషను నడిపే అతను వచ్చి లోపలికి రమ్మన్నాడు. నేను రెక్క పట్టుకుని గడప దాకా నడిపించాను. లోపలికి పోబోతే, "నువ్వు రాకు. గాడనే ఉండు" అన్నాడు మా ఆయన. బల్ల మీద పడుకోబెట్టి, ఇసుక సంచులు పెట్టి, అతను బయటికి వచ్చాడు. నర్సు బయటికి వచ్చింది. తలుపు మూసుకుంది. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది.

అందరమూ బయట ఉన్నాము. ఆయన ఒక్కడే లోపల ఉన్నాడు. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలిచాను. ఏమి అడగాలో తెలియలేదు. పోయినసారి నేను ఏది వద్దని అడిగానో అది దేవుడు ఇవ్వలేదు. ఇంకేదైనా ఇవ్వమన్నది కూడా నేనే. లోపల నుంచి ఏ చప్పుడూ వినిపించలేదు. రెండు నిమిషాలు అయ్యేదాకా ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను.